చిన్న డబ్బా, చప్పుడు లేని హెచ్‌టీపీసీ (టీవీకి తగిలించే సినిమా పీసీ): ఏ ప్రాసెసర్ వేయాలి?

పడకకుర్చీ #1
టీవీ కింద షెల్ఫ్‌లో మినీ ఐటీఎక్స్ కేస్ ఉంది, కూలర్‌కి 40 మి.మీ. ఎత్తే దొరుకుతుంది. ఇప్పుడు అందులో ఉన్నది ఇంటెల్ 4వ తరం ఐ3. 1080పీ వరకూ కిమ్మనకుండా ఆడుతుంది. 4కే హెచ్ఈవీసీ (వీడియోని కుదించే ఒక ఫార్మాట్) ఫైల్ పెట్టగానే త్రెడ్లన్నీ 100 శాతం, ఫ్యాన్ గోల, బొమ్మ ముక్కలు ముక్కలు. బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చేద్దామని.

వాడకం: నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) లోని 4కే హెచ్‌డీఆర్ సినిమాలు, యూట్యూబ్, కాస్త బ్రౌజర్. గేమ్స్ లేవు. టీవీ 4కే హెచ్‌డీఆర్10, అట్మాస్ (డాల్బీ సరౌండ్ సౌండ్) రిసీవర్ ఉంది. సినిమాలో ఎవరూ మాట్లాడని సీన్ వచ్చినప్పుడు డబ్బా వినపడకూడదు, అసలు షరతు అదే.

ఒకరు ఎన్100 చాలంటారు, ఒకరు ఐ3-12100 అంటారు, ఇంకొకరు రైజెన్ 5600జీ, మరొకరు 8600జీ. కోర్లు చూడాలా, వాట్లు చూడాలా?

వాట్‌మీటర్ #2
రెండూ కాదు. ముందు వీడియో డీకోడ్ బ్లాక్ చూడండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌లో వీడియో విప్పడానికే విడిగా ఒక సర్క్యూట్ ఉంటుంది. మీ ఫైల్ ఫార్మాట్ దానికి వస్తే కోర్లు నిద్రపోతాయి. రాకపోతే కోర్లే మోయాలి, మీ 4వ తరం పడే పాటు అదే.

ఇంటెల్‌లో: 6వ తరంలో హెచ్ఈవీసీ 8 బిట్ మాత్రమే. 7వ తరం నుంచి హెచ్ఈవీసీ 10 బిట్, వీపీ9 10 బిట్ (వీపీ9, ఏవీ1 యూట్యూబ్ వాడే ఫార్మాట్లు). హెచ్‌డీఆర్ సినిమాలకి కావాల్సింది ఈ 10 బిట్టే. ఏవీ1 మాత్రం 11వ తరం నుంచి. 10వ తరం డెస్క్‌టాప్‌లో లేదు.

ఏఎండీలో: 2200జీ, 2400జీ నుంచే హెచ్ఈవీసీ 10 బిట్, వీపీ9 ఉన్నాయి. 5600జీ, 5700జీల్లో కూడా ఏవీ1 లేదు. డెస్క్‌టాప్‌లో ఏవీ1 కావాలంటే 7000 సిరీస్‌కి, లేదా 8000జీకి పోవాలి. 8000జీలో ఏవీ1 ఎన్‌కోడ్ కూడా ఉంది, సినిమా చూసేవాళ్లకి దానితో పనిలేదు.

కాబట్టి లిస్ట్‌లోంచి 5600జీ కొట్టేయండి. మిగతా మూడూ ఫైళ్ల వరకూ సమానమే.

కోడిపుంజు #3
ఎన్100 తీసుకో, కథ కంచికి. 6 వాట్ల చిప్, నాలుగు కోర్లు, 24 ఈయూల (గ్రాఫిక్స్ యూనిట్లు) గ్రాఫిక్స్, ఏవీ1 డీకోడ్ ఉంది. బోర్డు మీదే ప్రాసెసర్ అంటించి వస్తుంది, చాలా ఐటీఎక్స్ బోర్డుల్లో ఫ్యాన్ కూడా ఉండదు, అల్యూమినియం హీట్‌సింక్ అంతే. సినిమా చూడటానికి ఇంతకంటే ఎక్కువ వేయడం దండగ.

సోల్డర్ సుబ్బు #4
#3 తో సగమే ఒప్పుకుంటా. ఫైల్ ఆడించడం వరకూ ఎన్100 కి తిరుగులేదు. కానీ ఆయన బ్రౌజర్ అని కూడా రాశారు. ఎన్100 మెమరీ సింగిల్ ఛానెల్. 4కే డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ తెరిచి బరువైన పేజీ స్క్రోల్ చేస్తే నత్తనడక తెలుస్తుంది. పెద్ద పోస్టర్లతో నిండిన స్కిన్ వేసిన మెనూ కూడా అంతే. వీడియో ఆడదని కాదు, వీడియో దాకా వెళ్లే దారి మెల్లగా ఉంటుంది.

రెండోది, బోర్డు హెచ్‌డీఎంఐ. చిప్‌కి శక్తి ఉన్నా బోర్డువాడు పోర్టు ఎలా వేశాడన్నది వేరే సంగతి. స్పెక్ షీట్‌లో హెచ్‌డీఎంఐ ఎదురుగా 4కే 60 హెర్ట్జ్ అని ఉండాలి. 30 అని ఉంటే ఆ పేజీ మూసేయ్.

పడకకుర్చీ #5
యూట్యూబ్‌కి ఏవీ1 తప్పనిసరా? 5600జీ అయితే ఈజీగా దొరుకుతోంది, అందుకే అడుగుతున్నా.

వాట్‌మీటర్ #6
తప్పనిసరి కాదు. యూట్యూబ్ 4కేకి వీపీ9 కూడా ఇస్తుంది. బ్రౌజర్‌లో ఏవీ1 ని బ్లాక్ చేసే ఎక్స్‌టెన్షన్ వేస్తే వీపీ9 వస్తుంది, 5600జీ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఏవీ1 వచ్చి ఆరు కోర్లూ పని మొదలెడతాయి. ఆడటానికి ఆడుతుంది, ఫ్యాన్ మాత్రం లేస్తుంది. మీ షరతు అక్కడే పోయింది కదా. చేతిలో ఉన్నది అయితే వాడుకోమనేవాణ్ని, కొత్తగా కొనడానికి కారణం లేదు.

హై10_వీరుడు #7
ఎవరూ చెప్పనిది ఒకటి: హెచ్.264 10 బిట్. పాత యానిమే ఫైళ్లు చాలావరకు ఇదే. మీ లిస్ట్‌లోని ఇంటెల్, ఏఎండీ చిప్‌ల గ్రాఫిక్స్‌లో దీన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు. కోర్ల మీద పడుతుంది. 1080పీ కాబట్టి ఎన్100 కూడా నెట్టుకొస్తుంది, కానీ ఆ ఫైల్ పెట్టినప్పుడు సీపీయూ లోడ్ పెరిగితే డ్రైవర్ పాడైందని రీఇన్‌స్టాల్ చేయడం మొదలెట్టకండి.

ఫ్యాన్‌లెస్ ఫణి #8
చప్పుడు సంగతి చెప్తా. అందరూ టీడీపీ (చిప్ వేడికి కంపెనీ రాసే వాట్లు) అంకె పట్టుకుని వేలాడతారు, చెవికి దానితో పెద్ద సంబంధం లేదు. సినిమా ఆడుతున్నంతసేపూ ఐ3-12100 అయినా ప్యాకేజ్ పవర్ సుమారు 10 వాట్ల చుట్టుపక్కలే తిరుగుతుంది, పని చేసేది డీకోడ్ బ్లాకే కాబట్టి. మరి ఫ్యాన్ ఎందుకు అరుస్తుంది? సబ్‌టైటిల్ స్కాన్, థంబ్‌నెయిల్, లైబ్రరీ అప్‌డేట్ లాంటి చిన్న పని రాగానే ఒక కోర్ టర్బోకి దూకుతుంది. ఉష్ణోగ్రత సెకనులో 15 డిగ్రీలు లేస్తుంది, ఫ్యాన్ దాని వెంట పడుతుంది, పని అయిపోగానే దిగుతుంది. స్థిరంగా ఉండే చిన్న శబ్దాన్ని చెవి మర్చిపోతుంది. ఇలా లేచి పడే శబ్దాన్ని మర్చిపోదు.

కాబట్టి బయోస్‌లో మూడు పనులు.

పవర్ లిమిట్: ఐ3-12100 బేస్ 60 వాట్లు, టర్బో 89 వాట్లు. పీఎల్1 (ఎప్పుడూ లాగగల వాట్లు) ని 35, పీఎల్2 (టర్బోలో కాసేపు లాగేవి) ని 45 చేయండి. చాలా హెచ్610 బోర్డుల్లో కూడా ఈ సెట్టింగ్ ఉంటుంది.

ఫ్యాన్ కర్వ్: 65 డిగ్రీల దాకా అడ్డంగా గీత, పీడబ్ల్యూఎం (ఫ్యాన్ వేగం అదుపు) 30 శాతం దగ్గర. 65 నుంచి 80 దాకా మెల్లగా 60 శాతానికి. ఆ పైన ఎలా లేచినా ఫరవాలేదు, సినిమా చూస్తున్నప్పుడు అక్కడికి చేరదు. ఈ చిప్ 100 డిగ్రీల దగ్గర గానీ తనంతట తాను వేగం తగ్గించుకోదు, 65కే కంగారుపడక్కర్లేదు.

ఆలస్యం: ఫ్యాన్ స్టెప్ అప్ టైమ్ అనో, స్మూతింగ్ అనో ఉంటుంది. ఎంత ఎక్కువ ఇస్తే అంత పెట్టేయండి. పైన చెప్పిన దూకుళ్లని ఫ్యాన్ పట్టించుకోదు.

ఎన్100 కొన్నా ఇదే వర్తిస్తుంది. మినీ పీసీలుగా అమ్మేవాటిలో పీఎల్1 ని 6 దగ్గర ఉంచరు, 15, 20 దాకా లేపి పంపుతారు, పైన చిన్న బ్లోయర్ ఫ్యాన్ పెడతారు. 6 వాట్లని నమ్మి కొంటే ఈల వినపడుతుంది. పీఎల్1 ని 8, 10 కి దించితే 4కే వీడియోలో ఒక్క ఫ్రేమ్ కూడా పోదు.

టీ_సిరీస్ #9
అంత కష్టం దేనికి, ఐ3-12100టీ తీసుకుంటే 35 వాట్లకే వస్తుంది కదా.

ఫ్యాన్‌లెస్ ఫణి #10
దాని టర్బో పవర్ 69 వాట్లు, అది కూడా చదువు. అదే చిప్, లిమిట్ తక్కువ రాసి, క్లాక్ తగ్గించి పంపుతారు. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ ఒకటే తాగుతాయి. మామూలు 12100 కి నువ్వే 35 రాసుకుంటే తేడా చేతికి తెలియదు. టీ చౌకగా దొరికితే తీసుకో, దాని కోసం వెతుక్కుంటూ పోకు.

సోల్డర్ సుబ్బు #11
పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం తీసుకోవద్దు. 12100ఎఫ్ లో గ్రాఫిక్స్ ఉండదు, హెచ్‌డీఎంఐలో ఏమీ రాదు.

రైజెన్_రాజు #12
అందరూ ఇంటెల్ పల్లకీ మోస్తున్నారు. 8500జీ గురించి ఎవరూ మాట్లాడరేం? అదే డీకోడ్ బ్లాక్, ఏవీ1 ఉంది, ఎకో మోడ్ ఒక్క క్లిక్‌లో 45 వాట్లకి దిగుతుంది. గ్రాఫిక్స్ 12100 లోని యూహెచ్‌డీ 730 కంటే చాలా మెరుగు. రేపు గేమ్ ఆడాలనిపిస్తే?

వాట్‌మీటర్ #13
గేమ్స్ లేవని #1 లోనే రాశారు. అయినా 8500జీ, 8600జీ మంచి చిప్‌లే, కాదనను. దేనికది అంతా ఒకే ముక్క సిలికాన్ కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు తక్కువే తాగుతాయి. జాగ్రత్తపడాల్సింది 7600 లాంటి మామూలు 7000 సిరీస్‌తో. అందులోనూ రెండు సీయూల (ఏఎండీ గ్రాఫిక్స్ యూనిట్లు) గ్రాఫిక్స్, ఏవీ1 డీకోడ్ ఉన్నాయి. కానీ ఐఓ డై (పోర్టులు, మెమరీ, గ్రాఫిక్స్ ఉండే సిలికాన్ ముక్క) వేరు, కోర్ల డై వేరు. ఆ రెండిటి మధ్య లింకు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, ఖాళీగా ఉన్నా వాట్లు పోతాయి. 40 మి.మీ. డబ్బాలో ఆ తేడా వేడిగా తెలుస్తుంది.

జీ సిరీస్ ఏది తీసుకున్నా మెమరీ స్టిక్‌లు రెండు వేయాలి. ఒక్కటే వేస్తే గ్రాఫిక్స్‌కి వెళ్లే దారి సగమై, ఆ గొప్పతనమంతా అక్కడే ఆగిపోతుంది. 12100 కి కూడా 8 జీబీవి రెండు వేయండి, 16 జీబీది ఒకటి వద్దు.

రైజెన్_రాజు #14
సరే, ఈ ఒక్కసారికి 12100 కి దారి ఇచ్చా 😀

డిస్క్_దాసు #15
4కే బ్లూరే డిస్క్ డ్రైవ్ పెట్టి నేరుగా ఆడించే ఆలోచన ఉందా? ఉంటే ఈ లిస్ట్ మొత్తం పనికిరాదు.

పడకకుర్చీ #16
ఇప్పటికైతే లేదు. ఎందుకు పనికిరాదు?

డిస్క్_దాసు #17
పీసీలో అల్ట్రా హెచ్‌డీ బ్లూరే అధికారికంగా ఆడాలంటే ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (చిప్‌లోని రక్షిత మెమరీ) ఉండాలి. ఆ పని డెస్క్‌టాప్‌లో 7 నుంచి 10వ తరం దాకానే కుదురుతుంది. ఎస్‌జీఎక్స్‌ని 11 నుంచి తీసేశారు. ఏఎండీలో ఎప్పుడూ లేదు. కొత్త చిప్ కొంటే ఆ దారి మూసుకుంటుంది, 10వ తరం కొంటే ఏవీ1 పోతుంది. డిస్క్‌లు ముఖ్యమైనవాళ్లు విడిగా ప్లేయర్ కొనుక్కోవడమే సుఖం.

కోడిపుంజు #18
10వ తరం, అంతకు ముందువాటిలో ఇంకో మెలిక. చిప్‌లోంచి నేరుగా వచ్చే హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే, అంటే 4కే 30 హెర్ట్జ్. 60 కావాలంటే బోర్డులో డిస్‌ప్లేపోర్ట్‌ని హెచ్‌డీఎంఐ 2.0 గా మార్చే విడి చిప్ ఉండాలి. సెకండ్‌హ్యాండ్‌లో 7వ తరం చూసేవాళ్లు ఇది అడక్కుండా కొనొద్దు.

24_ఫ్రేముల_బాబాయ్ #19
సినిమాలు ఆడేది 23.976 ఫ్రేముల దగ్గర. టీవీని 60 హెర్ట్జ్‌లో ఉంచి ఆడిస్తే ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపించాలి. కెమెరా అడ్డంగా తిరిగే సీన్లలో బొమ్మ కుదుపుగా కనిపిస్తుంది. దాన్ని చూసి ప్రాసెసర్ చాలట్లేదనుకునేవాళ్లు బోలెడుమంది.

కోడి (సినిమాలు ఆడించే ఉచిత ప్లేయర్ యాప్) లో వీడియో ప్లేబ్యాక్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ మార్చే ఆప్షన్ ఉంటుంది, స్టార్ట్/స్టాప్ అని పెట్టండి. ప్లే నొక్కగానే టీవీ ఒకటి రెండు సెకన్లు నల్లబడి 23.976 కి మారుతుంది. టీవీ ఇన్ఫో బటన్ నొక్కితే 24 హెర్ట్జ్ అని కనిపించాలి. సరిగ్గా 24.000 కి మారితే మాత్రం సుమారు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ తడబడుతుంది. ఇంటెల్ తొలి తరాల్లో ఆ జబ్బు ఉండేది, 4వ తరం నుంచి పోయింది.

దీనివల్ల ఇంకో లాభం. 4కే 60 హెర్ట్జ్, 10 బిట్, 4:4:4 (రంగు సమాచారం కుదించని) సిగ్నల్ హెచ్‌డీఎంఐ 2.0 లోని 18 గిగాబిట్లలో పట్టదు. 4కే 24 హెర్ట్జ్ అయితే 10 బిట్, 12 బిట్ హాయిగా పడుతుంది. సినిమాల కోసం హెచ్‌డీఎంఐ 2.1 బోర్డు వెతుక్కోనక్కర్లేదు.

సోల్డర్ సుబ్బు #20
బాబాయ్ చెప్పినదానికి తోక: టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ అనో, డీప్ కలర్ అనో ఉంటుంది. చాలా టీవీల్లో అది ఆఫ్‌లో వస్తుంది. ఆన్ చేయకపోతే పీసీకి హెచ్‌డీఆర్ ఆప్షనే కనపడదు, జనం డ్రైవర్ మీద పడతారు. రిసీవర్‌లో కూడా పోర్టువారీగా అదే సెట్టింగ్ ఉంటుంది, రెండూ ఆన్ చేయాలి.

పడకకుర్చీ #21
కేబుల్ పీసీ నుంచి టీవీకా, రిసీవర్‌కా? ఇప్పుడు టీవీకి పెట్టి అక్కణ్నుంచి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐలోనే వెనక్కి పంపే దారి) లో రిసీవర్‌కి పంపుతున్నా. అట్మాస్ లైట్ వెలగట్లేదు.

అట్మాస్_అప్పారావు #22
ఏఆర్‌సీలో ట్రూహెచ్‌డీ (బ్లూరేలో వాడే నష్టం లేని డాల్బీ శబ్దం) పట్టదు. డాల్బీ డిజిటల్ ప్లస్ మీద వచ్చే అట్మాస్ పడుతుంది, బ్లూరే ఫైళ్లలో ఉండేది మాత్రం ట్రూహెచ్‌డీ మీదది. టీవీ, రిసీవర్ రెండిటికీ ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి పెద్ద రూపం) ఉంటే దారి దొరుకుతుంది, అప్పుడు కూడా టీవీ దాన్ని ముట్టుకోకుండా దాటించాలి. పీసీ నుంచి రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

విండోస్‌లో కోడి అయితే ఆడియో డివైస్ దగ్గర డైరెక్ట్‌సౌండ్ కాదు, వాసాపీ అని ఉన్నది ఎంచుకోండి. పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా రిసీవర్‌కే పంపడం) ఆన్ చేసి ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ టిక్ పెట్టండి. సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే ఆఫ్‌లో ఉంచాలి, పాస్‌త్రూతో దానికి పొసగదు. ఇందులో ప్రాసెసర్ పాత్ర ఏమీ లేదు, మీ లిస్ట్‌లోవి అన్నీ బిట్‌స్ట్రీమ్ పంపుతాయి.

కోడిపుంజు #23
విండోస్ ఎందుకసలు? లిబ్రెఎలెక్ (కోడి నడపడానికే ఉన్న చిన్న లినక్స్) వేసేయ్. 11వ వెర్షన్ నుంచి మామూలు జెనరిక్ ఇమేజ్‌లోనే హెచ్‌డీఆర్ వస్తోంది. జెనరిక్ లెగసీ అని ఇంకోటి ఉంటుంది, అది దించుకుంటే హెచ్‌డీఆర్ రాదు, చూసుకో.

వాట్‌మీటర్ #24
లిబ్రెఎలెక్‌లో బ్రౌజర్ మాట మర్చిపోవాలి. ఓటీటీలు 4కేలో కావాలన్నా విండోసే దిక్కు: ఎడ్జ్ గానీ వాళ్ల సొంత యాప్ గానీ, దారిలో ఉన్న ప్రతి పెట్టెకీ, అంటే రిసీవర్‌కి కూడా, హెచ్‌డీసీపీ 2.2 (కాపీ రక్షణ) ఉండాలి. లినక్స్ బ్రౌజర్లలో ఆ 4కే ఇవ్వరు. టీవీలోనే ఆ యాప్‌లు ఉంటే అక్కడ చూసుకుని, పీసీని ఫైళ్లకి లిబ్రెఎలెక్‌తో వదిలేయడం తేలిక. ఆ లెక్కన ఎన్100 మళ్లీ రేసులోకి వస్తుంది, #4 లో సుబ్బు చెప్పిన బ్రౌజర్ బాధ ఉండదు కాబట్టి.

పడకకుర్చీ #25
బ్రౌజర్ కావాలి, విండోసే. 12100 కి ఫిక్స్ అయినట్టే. 40 మి.మీ.లో ఏ కూలర్? డబ్బాలో వచ్చే ఇంటెల్ కూలర్ పట్టదా?

ఫ్యాన్‌లెస్ ఫణి #26
పట్టదు, దాని ఎత్తు 40 దాటుతుంది. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ-17ఎక్స్ఎక్స్ ఎత్తు ఫ్యాన్‌తో కలిపి 37 మి.మీ. చివర 17ఎక్స్ఎక్స్ ఉన్నదే తీసుకోండి, మామూలు ఎల్9ఐ పాత సాకెట్లది, రంధ్రాలు కలవవు. 35 వాట్ల లిమిట్‌తో దానికి ఇది చిన్న పని.

జాగ్రత్త పడాల్సింది ఆ మిగిలిన 3 మి.మీ. దగ్గర. మూతకి ఫ్యాన్ పైనే చిల్లులు ఉంటే మంచిదే, కానీ అంత దగ్గరగా రెక్కలు తిరుగుతుంటే చిల్లుల అంచుల దగ్గర గాలి చిరిగి సన్నటి ఊళలాంటి చప్పుడు వస్తుంది. మూత తీసి ఒకసారి, పెట్టి ఒకసారి వినండి. తీసినప్పుడు పోతే అది ఫ్యాన్ తప్పు కాదు. పీడబ్ల్యూఎం 5 శాతం అటూ ఇటూ జరిపితే ఆ స్వరం చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే ఆ భాగంలో చిల్లుల పలకని వెడల్పు జాలీ ఉన్నదానితో మార్చాలి.

ఒకవేళ చిల్లులు ఫ్యాన్ పైన కాకుండా పక్కల ఉంటే ఫ్యాన్ తాను వదిలిన వేడిగాలే మళ్లీ పీలుస్తుంది. అప్పుడు ఆ కేస్‌కి ఎన్100 ఫ్యాన్‌లెస్ బోర్డే మేలు.

నిద్రలేని_నీలకంఠం #27
ఫ్యాన్ సరే, పవర్ సప్లై మాట ఎవరెత్తరా? చిన్న కేసుల్లో వచ్చే ఫ్లెక్స్ ఏటీఎక్స్ సప్లైకి 40 మి.మీ. ఫ్యాన్ ఉంటుంది. డబ్బా మొత్తంలో అరిచేది అదే.

సోల్డర్ సుబ్బు #28
కరెక్ట్. అది పీకేసి పికో పీఎస్‌యూ లాంటి డీసీ బోర్డు, బయట 12 వోల్టుల అడాప్టర్ పెట్టొచ్చు. 35/45 లిమిట్, ఒక ఎస్ఎస్‌డీ, రెండు మెమరీ స్టిక్‌లు, ఫ్యాన్: అన్నీ కలిపినా 90 వాట్ల అడాప్టర్‌కి బోలెడు జాగా మిగులుతుంది. కానీ అడాప్టర్ ఎంత ఇస్తుందో ఎంత, లిమిట్లు పెట్టకముందు 89 వాట్ల టర్బోకి పోనిస్తే స్విచాఫ్ అయిపోతుంది. అందుకని మొదట బయోస్, ఆ తర్వాతే విండోస్ ఇన్‌స్టాల్. బయోస్ అప్‌డేట్ చేస్తే లిమిట్లు మళ్లీ మొదటికి వస్తాయి, మర్చిపోవద్దు. బోర్డు మీద సీపీయూ పవర్ సాకెట్ 8 పిన్నులున్నా 4 పిన్నుల ప్లగ్ ఈ వాటేజీకి సరిపోతుంది.

ఫ్యాన్‌లన్నీ ఆపినా సన్నగా ఈల వినపడితే అది కాయిల్. మౌస్ కదిపినప్పుడు స్వరం మారితే ఖాయం. బయోస్‌లో లోతైన సీ-స్టేట్స్ (చిప్ నిద్ర స్థితులు) ఆపితే తగ్గొచ్చు, బదులుగా ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు, వేడి పెరుగుతాయి. బోర్డు మార్చుకునే గడువులోనే ఇది విని తేల్చుకోండి.

డిస్క్_దాసు #29
హార్డ్ డిస్క్ లోపల పెట్టకు. సినిమాలు నాస్‌లోనే ఉండనీ. 4కే బ్లూరే గరిష్ఠ బిట్‌రేట్ 128 మెగాబిట్లు, గిగాబిట్ కేబుల్‌కి అదొక లెక్క కాదు. వైఫై అయితే సగటు బాగానే ఉండి, పేలుళ్ల సీన్‌లో సరిగ్గా బఫరింగ్ వస్తుంది.

నిద్రలేని_నీలకంఠం #30
విలన్ కన్నా వైఫై ఎక్కువ సస్పెన్స్ ఇస్తుంది 😂

పడకకుర్చీ #31
పెట్టాక అంతా హార్డ్‌వేర్‌లోనే ఆడుతోందని ఎలా నిర్ధారించుకోవాలి?

వాట్‌మీటర్ #32
టాస్క్ మేనేజర్, పర్ఫార్మెన్స్, జీపీయూ. అక్కడ వీడియో డీకోడ్ అని గ్రాఫ్ ఉంటుంది. సినిమా ఆడుతున్నప్పుడు అది కదలాలి, సీపీయూ మాత్రం పదిలోపు శాతంలో పడుకుని ఉండాలి. వీడియో డీకోడ్ సున్నా, సీపీయూ ఎగిరిపడుతోందంటే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో విప్పుతోంది. కోడిలో సినిమా ఆడుతుండగా కీబోర్డు మీద O అక్షరం నొక్కితే కోడెక్ సమాచారం వస్తుంది, డీకోడర్ పేరు పక్కన డీఎక్స్‌వీఏ అనో డీ3డీ11 అనో హెచ్‌డబ్ల్యూ అనో ఉందా చూడండి. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్ దగ్గర ఏవీ01 అని, డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరగకుండా ఉంటే సరే.

నల్లరంగు బూడిదగా కనిపిస్తే అది డీకోడ్ తప్పు కాదు. పీసీ 16-235 పంపుతుంటే టీవీ 0-255 అనుకుంటోంది. రెండు వైపులా ఒకటే పెట్టండి.

24_ఫ్రేముల_బాబాయ్ #33
వినికిడి పరీక్ష రాత్రిపూట, షెల్ఫ్‌లో పెట్టాకే చేయండి. బల్ల మీద 50 డిగ్రీలున్నది వెనక మూసిన షెల్ఫ్‌లో 60 దాటుతుంది. వెనక పలక కోసేసినా, డబ్బాని ముందుకి జరిపి వెనక నాలుగు వేళ్ల జాగా వదిలినా చాలు.

పడకకుర్చీ #34
రిమోట్‌తో ఆన్ చేయడం కుదురుతుందా? టీవీ రిమోట్ అయితే ఇంకా మంచిది.

సోల్డర్ సుబ్బు #35
టీవీ రిమోట్ అంటే సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిమోట్ ఆజ్ఞలు పంపడం). పీసీ గ్రాఫిక్స్ పోర్టుల్లో అది సాధారణంగా రాదు, మధ్యలో యూఎస్‌బీ-సీఈసీ అడాప్టర్ పెట్టాలి. లేదంటే యూఎస్‌బీ డాంగుల్ ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్. ఆపేసిన పీసీ దానితో లేవాలంటే బయోస్‌లో ఈఆర్‌పీ (ఆపేశాక కరెంటు తగ్గించేసే సెట్టింగ్) ఆఫ్ చేసి, యూఎస్‌బీ వేక్ ఆన్ చేయాలి. డాంగుల్‌ని వెనక యూఎస్‌బీ 3 పోర్టుల మధ్య గుచ్చకండి, అవి 2.4 లోనే రొద పుట్టిస్తాయి, నొక్కిన బటన్లు సగం చేరవు. యూఎస్‌బీ 2 పోర్టులో చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి ముందుకి తెచ్చుకోండి.